ఎండ కన్నెరుగని సోలార్ చాప

ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర్లో, ఎండను చాపలా చుట్టి చంకలో పెట్టుకు తిరగొచ్చని మనస్ఫూర్తిగా నమ్మినవాళ్లు బెంగుళూరు మొత్తంలో ఎంతమంది ఉండేవారో తెలియదు గానీ, మహదేవపురలో మాత్రం ఇద్దరమే: మా సారు, నేను. ఇప్పుడక్కడ అద్దాల మేడలను తలెత్తి చూసి మెడ నొప్పి తెచ్చుకునేవాళ్లకు చెబితే నమ్మరు. అప్పుడు రేకుల షెడ్లు, గతుకుల రోడ్డు, ఎర్ర దుమ్ము, అంతే. దుమ్మంటే ప్రాణం పోయే వస్తువును తయారుచేయడానికి ఇంత దుమ్ములోకే ఎందుకు వచ్చారని సారునే అడిగాను ఒకసారి. "మా అన్న షెడ్డు సుమ్నే, ఊరికే ఖాళీగా ఉండాదని ఇచ్చినాడమ్మా" అన్నారాయన. సైన్సులో పెద్ద నిర్ణయాలన్నీ ఇలాగే జరుగుతాయి కాబోలని సరిపెట్టుకున్నాను.

నాది గుంటూరు వైపు. ఎమ్మెస్సీ ఫిజిక్సు పూర్తిచేసి, కె.ఆర్.పురంలో నర్సు ఉద్యోగం చేసుకుంటున్న మా పిన్ని ఇంట్లో దిగి, ఈ షెడ్డులో చేరాను. సారువాళ్లు తరతరాలుగా బెంగుళూరు నగర్తపేటలో స్థిరపడిన తెలుగువాళ్లు. మేం చేసేది గాజు పలకల సోలార్ కాదు. పల్చటి ప్లాస్టిక్ రేకును గాలి తీసేసిన ఇనప డబ్బాలో (వాక్యూమ్ చాంబర్ అని గొప్పగా పిలిచేవాళ్లం) పెట్టి, దానిమీద వెంట్రుకకన్నా ఎన్నో రెట్లు పల్చని సిలికాన్ పొర పట్టించడం. బరువుండదు, వంచితే విరగదు, చుట్టొచ్చు. అంతా బాగుంది, ఒక్క దుమ్ము కణం పడిందా, అక్కడ పొరకు కంటికి కనిపించని చిల్లు. ఆ చిల్లు చాలు, మొత్తం చాప చచ్చిపోవడానికి.

అందుకని నేను మడి మొదలుపెట్టాను. పుట్టి బుద్ధెరిగాక మడి అంటే ఏమిటో తెలియని క్రైస్తవుల పిల్లను, తలకు టోపీ, చేతులకు తొడుగులు, మొహాన గుడ్డ కట్టుకుని గుమ్మంలో నిలబడి, నిత్యం సంధ్య వార్చే మా సారును "తాకకండి సార్! మళ్లీ కడుక్కుని రండి!" అని గదమాయించేదాన్ని. పౌడరు రాసుకోకూడదు, పూలు పెట్టుకోకూడదు, తల గోక్కోకూడదు. సారువాళ్ల అమ్మ (మాకందరికీ అవ్వ) ఇంట్లో ఒక్కతే ఉండలేక రోజూ కారులో ఆయనతోనే వచ్చి షెడ్డు ముందున్న మిద్దె వరండాలో కూర్చునేది. నా వేషం చూసి ముచ్చటపడి "మా అత్త కూడా ఇంత మడి కట్టుకోలేదప్పా" అనేది. ఇంత చేసినా చాపలు పుట్టినవి పుట్టినట్టే పోయేవి. సాయంత్రం నేను బయటికి రాగానే అవ్వ అడిగేది, "ఈ దినమన్నా బతికిందా బిడ్డా?" "పోయిందవ్వా." "అయ్యో పాప!" అని ఆవిడ నిజంగానే కళ్లు ఒత్తుకునేది. ఇంటికెళ్తే పిన్ని. "ఏమే, మా ఐసీయూలో కూడా ఇంతమంది పోరు, ఏం చేస్తున్నారే అక్కడ?" అనేది. అన్నం సహించేది కాదు నాకు.

అలా ఉండగా సారు అన్నగారు కబురుపెట్టారు, తన టైల్సు దించుకోవడానికి దసరా తరువాత షెడ్డు ఖాళీ చేయాలని. మాకు మిగిలిన ఆశ ఒక్కటే. హిందూపురం వైపు పెద్దమనిషి ఒకాయన రోడ్డు పనులవాళ్లకు గుడారాలు కుట్టించి ఇస్తుండేవాడు. గుడారం కప్పే సోలార్ అయితే లోపల దీపం వెలుగుతుందని సారు చెప్పిన మాటకు ఆశపడి, పండగ కాగానే వచ్చి చూస్తానన్నాడు. ఆయన ఆర్డరిస్తే వేరే షెడ్డు చూసుకోవచ్చు. ఇవ్వకపోతే సారు చేసిన ఇన్నేళ్ల పనీ టైల్సు కింద సమాధి, నేను మా ఊరి బళ్లో పిల్లలకు కటకాలూ దర్పణాలూ చెప్పుకోవడం.

దేవుడు కరుణించాడు. పండగ ముందర ఒక చాప బతికింది! తీగలు తగిలించి వాకిట్లో పెడితే బొమ్మ ఫ్యాను గిర్రున తిరిగింది. అవ్వ దిష్టి తీసింది. అయితే ఈ జాతి సిలికానుకు ఒక రోగముంది, కొత్తలో ఎండ తగిలేకొద్దీ కొంత బలం తగ్గుతుంది. పెద్దమనిషి వచ్చేదాకా ఆ బలం తగ్గకూడదని సారూ నేనూ ఆలోచించి, దాన్ని నల్లగుడ్డలో చుట్టి బీరువాలో పెట్టి, తాళం అవ్వ చేతికిచ్చాం. ఎండ కోసం పుట్టినదాన్ని ఎండ కన్నెరగకుండా పెంచుతున్నామన్న ఆలోచన ఇద్దరు చదువుకున్నవాళ్లలో ఒక్కరికీ రాలేదు. అంచులు గట్టిగా మూయడం ఇంకా సరిగా కుదరలేదని నేను గొణిగితే, "అది తర్వాత చూసుకుందామమ్మా, ముందు ఆర్డరు రానీ" అన్నారు సారు.

ఆయుధపూజ వచ్చింది. బెంగుళూరులో ఆ రోజు ఆటోలకు అరటిపిలకలు కడతారు, లేత్ మిషన్లకు బొట్లు పెడతారు, గుమ్మడికాయలు పగలగొడతారు. నేను ముందే హుకుం జారీ చేశాను. చాంబరుకు బయటే బొట్టు, లోపల కర్పూరం వెలిగించారంటే నేను రాజీనామా. అవ్వ బుద్ధిగా అన్నిటికీ తలూపింది. పూజయ్యాక మండక్కి (మన మరమరాలే), బెల్లం పెట్టింది. తిని, చేయి కడుక్కుని, ఎంతో నిశ్చింతగా ఇంటికి పోయాను.

సెలవులయ్యాయి. పెద్దమనిషి వచ్చే రోజు ఉదయం బీరువా తీస్తే నల్లగుడ్డ మడత పెట్టి ఉంది. చాప లేదు. "అవ్వా! చాపేదీ?" అని అరిచాను.

"మిద్దె మీద ఉండాది బిడ్డా" అంది అవ్వ ప్రశాంతంగా. "అది సూర్యుడి సామాను కదా? ఆయనకు చూపియ్యకుండా పూజేంది? నువ్వు ఇంటికి పోయినాక, వాడు కారుకు పూజ చేస్తా ఉంటే, పసుపు కుంకం పెట్టి, ఆయనకెదురుగా పెడితిని. పూజలో పెట్టినదాన్ని మళ్లీ పూజ చేసేదాకా కదిలించకూడదప్పా. దసరా దినం ఆ పూజ చేసేదానికి నాకు జ్వరమొచ్చె. అందుకే ఆడ్నే ఉండాది."

మెట్లెక్కి పరిగెత్తాం. సెలవులన్నాళ్లూ మధ్యాహ్నం ఎండ, సాయంత్రం వాన. చాప మీద కుంకుమ కరిగి ఎర్రగా కారి ఎండిపోయింది. ఒక అంచు లేచి, లోపల నీళ్లు చేరి తెల్లగా పొంగింది. దూదితో తుడుస్తూ కూర్చున్నాను, కన్నీళ్లు మొహాన కట్టుకున్న గుడ్డలోకి ఇంకుతున్నాయి. (అప్పుడు కూడా ఆ గుడ్డ తీయలేదు చూడండి!) ఇంతలో కింద కారు హారను మోగింది.

పెద్దాయన కుర్చీలో కూర్చున్నాడు. తీగలు తగిలించాం. ఫ్యాను కదల్లేదు. సారు వేలితో మెల్లగా తోశారు, ఒకటి రెండు చుట్లు తిరిగి నిలబడిపోయింది. "పండగలో మిద్దె మీద కొంచెం వానకు తడిసింది సార్, పోయిన వారం చూసుంటే..." అని నేను మొదలుపెట్టాను.

ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "అమ్మా, నా గుడారాలు ఉండేదే ఎండలో, వానలో" అన్నాడు. "మీ మిద్దె మీద పండగ దినాలు బతకంది, నా కూలోళ్ల నెత్తిన ఏడాది బతుకుతాదా? ఇంగా పని ఉండాది దీనికి. చెయ్యండి, మంచిదే." కాఫీ తాగి వెళ్లిపోయాడు. ఒక్క మాటలో కూడా తప్పు పట్టడానికి లేదు. అదే నన్ను మరీ కుంగదీసింది.

సారు కిటికీ దగ్గర అటు తిరిగి నిలబడ్డారు. అవ్వ నా చేయి పట్టుకుంది. "నేనే చంపేస్తినా బిడ్డా? నిజం చెప్పు."

"లేదవ్వా. ఎండకూ వానకూ తట్టుకోలేక పోయింది" అన్నాను.

అవ్వ నా మొహం కేసి అయోమయంగా చూసింది. "ఎండకా? ఎండలో ఉండేదానికే కదప్పా మీరు దాన్ని చేసింది?"

కిటికీ దగ్గర సారు నవ్వారు. ముందు మెల్లగా, తరువాత భుజాలు కదిలేలా. నాకూ ఆగలేదు. నవ్వీ నవ్వీ చూస్తే ఆయన నవ్వడం ఎప్పుడో మానేశారు, భుజాలు మాత్రం కదులుతూనే ఉన్నాయి. అవ్వ వెళ్లి కొడుకు వీపు మీద చేయి వేసి నిలబడింది. నేను బయటికి వచ్చేశాను.

మరుసటి నెల షెడ్డులోకి టైల్సు వచ్చాయి, నేను మా ఊరి బళ్లోకి వచ్చాను. పెద్దాయన వచ్చి వెళ్లిన రోజు కె.ఆర్.పురం బస్సులో కిటికీ పక్కన కూర్చుని, బయట విరగకాస్తున్న ఎండ వైపు పళ్లు కొరుకుతూ చూసిన ఆ పిల్ల ఇప్పటికీ గుర్తొస్తుంటుంది. జన్మలో ఇంకే పనీ చేతకాదనీ, బతుకంతా అయిపోయిందనీ నమ్మేసింది పాపం. పక్కసీట్లో కూర్చుని, "అమ్మాయ్, మీరిద్దరూ ఓడిపోయింది చిన్న పనిలో కాదే, ఏడ్చింది చాల్లే, ఇంటికెళ్లి అన్నం తిను" అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా లాభం లేదనుకోండి. ఆ వయసులో నేను ఎవరి మాటా వినేదాన్ని కాదు.