కుడికి తిరగని కారు

నిన్న మా అల్లుడి కారు చూపించడానికి షెడ్డుకు వెళ్తే, ఆ గ్రీసు వాసనకు మా నాయిన గుర్తొచ్చాడు.

నాయిన బీదర్ దగ్గరి బగ్దల్‌లో ఊరి పటేల్ కారు నడిపేవాడు. పటేల్ పిల్లలతోపాటు నన్నూ బీదర్‌లో బడికి దించేవాడు. ఒకసారి ఆ కారు కుడికి తిప్పితే చాలు, ముందు చక్రంలో విసుర్రాయి తిరిగినట్టు గరగరమనడం మొదలైంది.

“బండి ఖరాబ్ చేసినవ్. మళ్ల చప్పుడు ఇనొస్తే ఇంకో డ్రైవర్‌ను పెట్టుకుంట,” అన్నాడు పటేల్.

కార్లు బాగుచేసే మిస్త్రీ ఊళ్లో లేడు. చప్పుడైతే పటేల్ పిల్లలు ఇంట్లో చెప్తారన్న భయంతో నాయిన ఆ వారమంతా బీదర్ నడిమధ్య చౌబారా బురుజు దగ్గర కుడికి తిరక్కుండా, ఎడమ సందులు పట్టుకొని ఊరంతా చుట్టి వచ్చేవాడు. నేనేమో మమ్మల్ని షికారు తిప్పుతున్నాడనుకున్నాను.

“ఇంకో చక్కర్ కొట్టు నాయినా!”

“కొడత తియ్యి బిడ్డా,” అని చెమట తుడుచుకునేవాడు.

మిస్త్రీ వచ్చాక జాకీ ఎత్తి, చక్రం చేత్తో తిప్పి, స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించి విన్నాడు. “బేరింగ్ అరిగింది భాయ్. ఇంకో రెండు దినాలైతే చక్రమే ఊడుతుండె!”

కొత్తది గ్రీసు పెట్టి ఎక్కించాడు. నాయిన కారు కుడికి తిప్పి చూశాడు. చప్పుడు లేదు.

“ఇగ షికారు లేదా?” అని నేను మూతి ముడిచాను.

నాయిన స్టీరింగ్ మీద తల వాల్చి అక్కడే నిద్రపోయాడు. వారం రోజుల బాకీ నిద్ర అది. నాకేం తెలుసు? హారన్ కొట్టి లేపేశాను.