ధాపూ కలబంద, గవరా లడ్డూలు

మా నాగౌర్ కుమ్మరివీధిలో ధాపూ కలబంద పెట్టి గవరా కోడలి కడుపు పోగొట్టబోయిందని, ఆ కోడలికి కాన్పైపోయినా ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. చెప్పుకునేవాళ్ల నోళ్లు పడిపోను! వీధికంతా నేను జీజీని, పెద్దక్కని. చదివింది ఐదో తరగతే అయినా జరిగింది జరిగినట్టు రాయడానికి ఆ మాత్రం చాలు.

ధాపూకి మొగుడు లేడు. పగిలిన కుండల్లో కలబంద పెంచుతుంది. చలికాలంలో మోకాళ్ల నొప్పులవాళ్ల ఇళ్లకు వెళ్లి కలబంద లడ్డూలు చేసిపెట్టడమే ఆమె బతుకుతెరువు. ఆకు కోశాక, కోసిన వైపు కిందికి ఉంచి ఒక పూటంతా నిలబెడుతుంది. పచ్చటి సొన చుక్క మిగలకుండా కారిపోవాలి. అది కడుపులోకి పోతే పేగులు మెలిపెట్టేస్తుంది. తర్వాతే తోలు తీసి, గుజ్జు కడిగి ఉడికిస్తుంది. గర్భిణులకు ఆ గుజ్జు కూడా పెట్టనివ్వదు. రొట్టె కాలుస్తూ నేను వేలు కాల్చుకుంటే, ముందు చన్నీళ్లలో పెట్టించి, ఆ తర్వాతే గుజ్జు రాసింది. అంత జాగ్రత్త మనిషి!

కిందటి చలికాలం గవరా, లడ్డూలు నేనే చేసుకుంటానని ఆకులు అడిగి తీసుకుపోయింది. "సొన కారనివ్వు గవరా. కోడలికి మాత్రం ముట్టనివ్వకు" అని ధాపూ చెప్పడం నా చెవులతో విన్నాను.

వారం తిరగకుండా గవరా కోడలు, ఐదో నెల గర్భిణి గోమతి కడుపునొప్పితో, విరేచనాలతో ఆసుపత్రి పాలైంది. మూడు రోజులు సెలైన్ ఎక్కించారు. దేవుడి దయ, గర్భం నిలిచింది. గవరా మాత్రం "ధాపూ విషపుటాకులిచ్చింది" అంటూ ఇల్లిల్లూ తిరిగింది. ధాపూని లడ్డూలకు ఒక్క ఇంటివాళ్లూ పిలవలేదు. ఆమె కుండలు రెండు ఎవరో తన్నేసి పోయారు.

నాకు ఒళ్లు మండింది. తిన్నగా గవరా వంటింట్లోకి వెళ్లి లడ్డూల డబ్బా మూత తీశాను. లడ్డూ విరిస్తే ఆకుపచ్చ తోలు ముక్కలు! నాలుకకి ఆనిస్తే కటిక చేదు.

"ఏమే గవరా, తోలుతో సహా రుబ్బావా?"

"మెంతి లడ్డూ చేదుగా ఉండదా జీజీ? ఇదీ అంతేలే అనుకున్నా. నెయ్యి దండిగా పోశాగా."

"కోడలికెందుకు పెట్టావు?"

"బలానికి. రోజూ పొద్దున్నే రెండు. చేదని అదొక్క మాటైనా అందా?"

"నీ ముందు ముసుగు ఎత్తడానికే వణుకుతుంది, ఇంక నోరెత్తుతుందా?"

"ఎక్కువ మాట్లాడకు. ఆకులు ధాపూవి కావూ?" అని మూతి తిప్పుకుంది.

అదే ఊపులో ధాపూ దగ్గరికి వెళ్లాను. విరిగిన మొక్కల్ని మళ్లీ నాటుకుంటోంది.

"అంత చెప్పి ఇచ్చినదానివి, నోరు మూసుకుని కూర్చున్నావేమే మొద్దూ? పనీ పోయింది, పేరూ పోయింది. పద, వీధి మధ్యలో నిలబెట్టి అడుగుదాం దాన్ని!" అని చెయ్యి పట్టి లాగాను.

ధాపూ చెయ్యి విదిలించుకుంది. ఆమెకి అంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు.

"వీధిలో పరువు పోతే గవరా ఎవరి మీద పడుతుంది జీజీ, నా మీదా? గోమతి మీద. ఇంటి గుట్టు కోడలే బయటపెట్టిందని దానికి ముద్ద కూడా పెట్టదు. కాన్పు కానివ్వు. ఆ తర్వాత అరుచుకో, రాసుకో, నీ ఇష్టం. అప్పటిదాకా నోరు కుట్టేసుకో!"