కోటయ్యగారు ఖాళీగా వదిలిన గడి

2023 మే నెల. బొల్లాపల్లి మండలంలో అడవి అంచున ఉన్న ఒక చేలో పొద్దున ఏడింటికి బోరు బండి పని మొదలుపెట్టింది. పదకొండున్నరకు ముప్పై రెండో రాడ్డు దిగింది. ఒక్కో రాడ్డు ఇరవై అడుగులు కాబట్టి అప్పటికి ఆరు వందల నలభై అడుగుల లోతు. అంతసేపూ పైకి లేచింది తెల్లటి దుమ్మే. డ్రిల్లర్ తన యజమాని వైపు చూసి చెయ్యి అడ్డంగా ఊపాడు. కంప్రెసర్ ఆగిపోయింది.

చేను గోవిందమ్మది. ఆమెకు యాభై ఏళ్లుంటాయి. భర్త పోయాక మరుదులతో జరిగిన పంపకాల్లో ఊరికి దూరంగా ఉన్న ఈ రెండెకరాలు ఆమె వాటాకు వచ్చాయి. నీరు పడితే ఎకరం మిరప వేసుకుని ఇక్కడే ఉంటుంది. పడకపోతే వానకు పండినంత కంది పండించుకుని, మిగతా రోజులు గుంటూరు పోయి మిరపకాయల తొడిమలు తీసే కూలికి కుదరాలి. ఉన్న రెండు బర్రెల్నీ అమ్మి ఈ బోరు వేయించింది. ఇంకో బోరు తన వల్ల కాదని ముందే చెప్పింది.

దుమ్ము పట్టిన మొహం పమిటతో తుడుచుకుని ఆమె బండి యజమాని పక్కన నిలబడ్డ నా దగ్గరికి నేరుగా వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్న కాగితం ఉంది, నేను చేసిన బోర్ల మ్యాపు ప్రింటు.

"అయ్యా, ఈ చుక్కలు పెట్టింది నువ్వేనంటగా?"

నేనేనన్నాను.

"మా ఊళ్ళోవాళ్ళు ఆ దిక్కున నీళ్ళుండవే, వద్దే అని చానా చెప్పారు. నోటిమాటదేముంది, కాగితం ఉందిగా అని నేనే ఇనలేదు. దగ్గర్లోనే అయిదు చుక్కలు పచ్చగా ఉండె. ఎర్రది ఒక్కటన్నా లేకపోయె. మరి దుమ్మెందుకు లేచింది?"

చూసి చెబుతానన్నాను. ఆమె కాగితాన్ని మడతలు పోకుండా మళ్ళీ కవరులో పెట్టుకుంది. పారేసి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఆ కాగితం కథ చెప్పాలంటే ఏడాది వెనక్కి వెళ్ళాలి. నేను పదకొండేళ్లు ఒక దినపత్రిక జిల్లా డెస్కులో పనిచేశాను. ఎడిషన్లు కలిపేసినప్పుడు ఉద్యోగం పోయింది. పేజీలు పెట్టడానికి నేర్చుకున్న కంప్యూటరే దిక్కయి, ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాను. అప్పటినుంచీ నరసరావుపేటలో ఒక ఎరువుల కొట్టు పైన గది తీసుకుని చిన్న వ్యాపారాలకు సాఫ్ట్‌వేర్ రాసిస్తున్నాను. గదిలో రెండు కుర్చీలు. రెండోది వచ్చేవాళ్ళ కోసం. ఎక్కువ రోజులు దాని మీద నా సంచి ఉంటుంది.

2022లో ఆ కుర్చీలో సాంబశివరావు వచ్చి కూర్చున్నాడు. వినుకొండ రోడ్డులో అతనికి బోరు బండ్ల షెడ్డు ఉంది, గోవిందమ్మ చేలోకి వచ్చిన బండీ అతనిదే. తండ్రి కోటయ్యగారు అంతకు కొన్ని నెలల ముందు కాలం చేశారు. ఆయన ముప్పై ఏళ్లపాటు తన బండి వేసిన ప్రతి బోరునూ పొడుగు పుస్తకాల్లో రాసి ఉంచారు. తేదీ, ఊరు, సర్వే నంబరు, రైతు పేరు, లోతు, చివరి గడిలో నీరు. నీటిని అంగుళాల్లో లెక్కిస్తారు. వచ్చే నీటిని గంటు పెట్టిన పలక గుండా పారించి, ఎన్ని అంగుళాల ఎత్తున పారుతోందో చూస్తారు. అలాంటి పుస్తకాలు పంతొమ్మిది. వాటన్నిటినీ ఫోనులో మ్యాపు మీద చుక్కలుగా చూపించాలని సాంబశివరావు కోరిక. బోరు వేయించే ముందు ఆ చుట్టుపక్కల ఏ బోరులో ఏం జరిగిందో రైతు కళ్ళతో చూసుకుంటాడు. నీరు పడితే పచ్చ చుక్క, పడకపోతే ఎర్ర చుక్క. మంచి ఆలోచన. ఇప్పటికీ అదే అంటాను.

అంకెలన్నీ నేనే కూర్చుని స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించాను. తర్వాత ఫ్రేమ్‌వర్క్ ఎంచుకోవాలి. ఫ్రేమ్‌వర్క్ అంటే సాఫ్ట్‌వేర్ కోసం ముందే పోసి ఉంచిన పునాది, స్తంభాలు. డేటా దాచడం, తెరలు గీయడం, ఎవరు చూడొచ్చో ఎవరు దిద్దొచ్చో చెప్పడం లాంటి పనులు ప్రతిసారీ మొదటినుంచి రాసుకోనక్కర్లేదు. కాకపోతే ఎవరి పునాది మీద కడితే వాళ్ళ పద్ధతులకు లోబడాలి. అందుకే నేను ఒకే పుస్తకంలోని డేటాను రెండు మూడు ఫ్రేమ్‌వర్కుల్లో పోసి పోల్చి చూస్తాను. ఈ పనికి మూడింటిని తీసుకున్నాను. ఒకటి, చాలా ఏళ్లుగా చేతికి అలవాటైన పాత డెస్క్‌టాప్ రకం. రెండోది లో-కోడ్, అంటే ప్రోగ్రాం పెద్దగా రాయకుండా మౌసుతో పెట్టెలు లాగి అమర్చుకునేది. మూడోది ఓపెన్ సోర్స్ వెబ్ ఫ్రేమ్‌వర్క్. ఉచితంగా దొరుకుతుంది కానీ ప్రతిదీ మనమే రాసుకోవాలి.

కోటయ్యగారి పుస్తకాల్లో కొన్ని వరసల్లో నీటి గడి ఖాళీగా ఉంది. పెద్దాయన మరిచిపోయారనుకున్నాను. నిండిన గడుల పక్కన పసుపు బొట్లు కూడా ఉన్నాయి. పూజలో పెట్టినప్పుడు అంటుకున్నాయనుకున్నాను.

ఆ ఖాళీ గడుల దగ్గర మూడు ఫ్రేమ్‌వర్కులూ మూడు రకాలుగా నడుచుకున్నాయి. పాత డెస్క్‌టాప్ రకం ఖాళీ కనిపించిన చోటల్లా సున్నా వేసుకుంది. లో-కోడ్ ఖాళీ ఉన్న వరసను పక్కన పెట్టి ముందుకు పోయింది. నీటి గడి తప్పనిసరి అని టిక్కు పెట్టింది నేనే. నీరెంతో తెలియని చుక్క మ్యాపు మీద ఎందుకనుకున్నాను. మూడోది మొదటి ఖాళీ దగ్గరే ఆగింది. ఈ గడి ఖాళీగా ఉండొచ్చా, ఉంటే దాని అర్థం ఏమిటో చెప్పమంది. చెప్పేదాకా ఒక్క వరస కూడా తీసుకోలేదు.

నా పోలిక కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. మొదటిదాని ఎదురుగా 'ఖాళీని సున్నా చేస్తోంది, పనికిరాదు' అని రాసుకున్నాను. మూడోదాని ఎదురుగా 'చాదస్తం ఎక్కువ'. లో-కోడ్ ఎదురుగా 'సాఫీగా వెళ్ళింది'. ఫోనులో కూడా అదే త్వరగా తెరుచుకుంటోంది. దాన్నే ఎంచుకున్నాను. పంతొమ్మిది పుస్తకాలూ పోసిన రోజు తెర అడుగున ఒక లైను కనిపించింది. ఇన్ని వరసలు చేరాయి, ఇన్ని వదిలేశాను అని. వదిలేసినవి దాదాపు నాలుగు వందలు. చెత్త పోయిందనుకుని తెర మూసేశాను.

డెస్కులో ఉన్నప్పుడు ఇలాంటిది జరిగేది కాదని చాలాసార్లు అనుకున్నాను. అక్కడ నాకంటే తెలివైనవాళ్ళున్నారని కాదు, ఎదురు బల్ల ఉండేది. 'ఒరేయ్, ఇది చూడు' అంటే ఎవరో ఒకరు చూసి, విసుక్కుంటూనైనా ఒక ప్రశ్న వేసేవాళ్ళు. ఈ గదిలో నేను రాసింది చదివేది నేనే. తప్పు చేసేదీ నేనే, అది తప్పు కాదని ఒప్పుకునేదీ నేనే.

బొల్లాపల్లి నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్నే ఆ వదిలేసిన వరసల జాబితా తీశాను. గోవిందమ్మ చేను ఉన్న సర్వే నంబరు చుట్టుపక్కల ఎనిమిది వరసలు దొరికాయి. ఎనిమిదింటిలోనూ లోతు ఉంది, నీటి గడి ఖాళీ. ఆమెకు కనిపించిన పచ్చ చుక్కలన్నీ వాగు వైపువి. ఈ ఎనిమిదీ అడవి వైపు, ఆమె చేను ఉన్న వైపు.

ఆ జాబితా పట్టుకుని షెడ్డుకు వెళ్ళాను. సాంబశివరావు బండికి రాయి తొలిచే బిట్టు మార్పిస్తున్నాడు. ఈ ఖాళీ ఏమిటని అడిగాను. కాగితం పూర్తిగా చూడకుండానే చెప్పాడు.

"ఖాళీ అంటే దుమ్మేగా అన్నా."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"నువ్వడిగితేగా. అయినా అది ఎవరన్నా అడుగుతారా ఏంది? మా షెడ్డులో టీ తెచ్చేవాడికి కూడా తెలుసు."

మరి ఎర్ర చుక్కలు ఒక్కటీ లేకపోతే అనుమానం రాలేదా అని నేను అడిగాను. అతను చేతులు గుడ్డతో తుడుచుకుని అప్పుడు చెప్పాడు. తండ్రి ఏనాడూ ఫెయిల్ అన్న మాట పుస్తకంలో రాయలేదట. నీరు పడితే అంగుళాలు రాసి పసుపు బొట్టు పెట్టేవారు. పడకపోతే లోతు రాసి, చివరి గడి వదిలేసి, పుస్తకం మూసి రైతు పక్కన కాసేపు కూర్చునేవారు. ఒకరి ఇంటి కష్టం మన చేతిరాతతో ఉండకూడదురా అనేవారట. మ్యాపులో అన్నీ పచ్చగా కనిపించినప్పుడు సాంబశివరావుకు సంతోషమే వేసింది. నాన్న చేతికి ఇంత నీరుందా అనుకున్నాడు.

నేను పనికిరాదని కొట్టేసిన పాత ఫ్రేమ్‌వర్క్ ఆ గడుల్లో సున్నా వేసింది. సున్నా అంగుళాల నీరు. తెలియకుండానే అది నిజం చెప్పింది. నేను చాదస్తమన్నది సరైన ప్రశ్న అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు మా గది నుంచి పది నిమిషాల దూరంలో, ఈ షెడ్డులో ఉంది.

మ్యాపు ఆపేసి, మూడో ఫ్రేమ్‌వర్కులో పని మళ్ళీ మొదలుపెట్టాను. నీటి గడికి ముందు మరో గడి పెట్టాను. అందులో మూడే మాటలు: నీరు, దుమ్ము, తెలియదు. ఏదో ఒకటి మనిషి ఎంచుకుంటేనే వరస చేరుతుంది. సాంబశివరావు, నేను పుస్తకాలు ముందేసుకుని ఖాళీ గడులన్నీ ఒక్కొక్కటిగా చూశాం. కోటయ్యగారి చేతిరాత ఉన్నవన్నీ దుమ్ము కింద వేశాం. అయితే ఆయన గుండె ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో ఉన్న ఏడాదిన్నర పాటు ఒక గుమస్తా రాశాడు. ఆ పుస్తకంలో పసుపు బొట్లు లేవు. నీరు పడిందని సాంబశివరావుకు బాగా గుర్తున్న బోర్లకు కూడా గడి ఖాళీగానే ఉంది. అంటే అక్కడ ఖాళీకి అర్థం లేదు. ఆ గుమస్తా ఇప్పుడు బతికి లేడు. అప్పటి డ్రిల్లర్లు తమిళనాడు వాళ్ళు, సీజను కాగానే వెళ్ళిపోయినవాళ్ళు. ఎవరికీ గుర్తులేనివి 'తెలియదు' కింద వేశాం.

ఆగస్టులో కొత్త కాగితం తీసుకుని గోవిందమ్మ దగ్గరికి వెళ్ళాను. చేలోనే రేకుల పాక వేసుకుని ఉంటోంది. కంది మొలక జానెడు లేచింది. తప్పు ఎక్కడ జరిగిందో చెప్పి, అది నాదేనన్నాను. ఆమె వింటూ కాగితం మీద వేలు పెట్టి లెక్కపెట్టింది. ఆమె బోరుతో కలిపి ఎనిమిది ఎర్ర చుక్కలు. చేను తూర్పు గట్టుకు అవతల బూడిద రంగు చుక్క ఒకటి.

"ఇదేంది?"

"అక్కడ నీరు పడిందో దుమ్ము లేచిందో తెలియదమ్మా. ఆ పుస్తకం వేరేవాళ్ళు రాశారు."

"తెలీదనేదానికి కూడా చుక్క పెడతారా?"

"ఇప్పుడు పెడుతున్నాం."

"ఆ మాట అప్పుడే చెప్పుంటే నా బర్రెలు నా కాడే ఉండేయిగా అయ్యా."

కోపంగా అనలేదు. ఆమే చెప్పులు వేసుకుని, పద చూసొద్దాం అంది.

గట్టు దాటితే ఇరవై గజాలు కూడా లేదు. ఆ పొలం వాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు. ఎక్కడున్నారో ఊళ్ళో ఎవరికీ తెలియదు. ముళ్ళకంప తొలగిస్తే కేసింగ్ కనిపించింది. కేసింగ్ అంటే పైమట్టి కూలకుండా బోరులో దించే గొట్టం. బోరు ఫెయిలైతే సాధారణంగా దాన్ని పైకి లాగేస్తారు. నీరు పడితే ఉంచుతారు. ఇక్కడ నేలమట్టానికి కోసేసి ఉంది. లోపల మూతిదాకా రాళ్ళు. నీరున్న బోరు ఎండిపోయాక పూడ్చారా, దుమ్ము లేచిన బోరులో గొట్టం రాక పైన కోసుకుపోయారా, చూసి చెప్పడానికి లేదు. గోవిందమ్మ ఒక రాయి తీసి పక్కన పెట్టింది. దాని కింద ఇంకో రాయి ఉంది. అక్కడే కూర్చుండిపోయింది. నేనూ కూర్చున్నాను. చుట్టుపక్కల మనిషన్నవాడు లేడు.

అప్పటినుంచీ ఏ వ్యాపారం డేటా నా చేతికొచ్చినా ముందు ఖాళీ గడులు చూస్తాను. వాటిని రాసిన మనిషి ఉంటే వెళ్ళి కలుస్తాను, లేకపోతే పక్కన పనిచేసినవాళ్ళని అడుగుతాను. ఫ్రేమ్‌వర్కులు పోల్చడం ఆ తర్వాతి పని. వేగం, ఖర్చు, ఫోనులో ఎలా కనిపిస్తుంది అనేవి ఎవరైనా పోల్చగలరు. తెలియని దాన్ని తెలియనట్టే ఉంచుకోగలదా అన్నది ఇప్పుడు నా కాగితంలో మొదటి ప్రశ్న.

గోవిందమ్మ ఇప్పుడు గుంటూరులో తొడిమల పనికి వెళుతోంది. కంది అదునుకు మాత్రం చేనుకు వస్తుంది. నెలకో రెండు నెలలకో ఆదివారం పూట ఫోను చేస్తుంది. ఒక్కోసారి చెప్పేదేమీ ఉండదు. అన్నం తిన్నావా అంటుంది, తిన్నానంటాను. ఫోను పెట్టేసే ముందు మాత్రం తప్పకుండా అడుగుతుంది.

"అయ్యా, ఆ బూడిద చుక్క ఏమన్నా తేలిందా?"

పోయిన ఆదివారం కూడా అడిగింది. తేలలేదు. అక్కడ నీరుందని తేలితే ఎలాగైనా ఇంకొక్క బోరు వేయిస్తానంటోంది. దుమ్మని తేలితే ఆ రెండెకరాలు ఎవరికైనా అప్పగించి గుంటూరులోనే ఉండిపోతుందట. తూర్పు గట్టు అవతలి ఆ వరసలో లోతు అయిదు వందల ఎనభై అడుగులని ఉంది. దాని పక్క గడిలో ఇప్పటికీ 'తెలియదు' అనే ఉంది.