మీటరు సున్నా చూపించిన పొద్దున

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళ మీద నాకు కోపం లేదు, ఓపికే లేదు. "నువ్వు చూశావా?" అని అడిగితే చూసినవాళ్ళు ఎప్పుడూ ఇంకెవరో అయి ఉంటారు. నేను ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజినీరుని. దేన్నయినా కొలవొచ్చు, ఇవాళ కొలవలేనిదాన్ని రేపెవరో కొలుస్తారు అనుకునే రకం. ఇప్పుడు కూడా దెయ్యాలున్నాయని చెప్పడానికి ఇది రాయడం లేదు. నాకు జరిగినదాన్ని ఏమనాలో తెలియక రాస్తున్నాను.

మాది విజయవాడ. కువైట్ వచ్చి చాలా ఏళ్ళయింది. మహబూలాలో ఉంటున్నాం. నా భార్య పద్మజ ఇక్కడే ఒక స్కూల్లో లెక్కలు చెబుతుంది.

చమురు దేశం అనగానే అందరికీ బావులు, ఓడలు గుర్తొస్తాయి. కానీ బావికీ ఓడకీ మధ్య లెక్కలేనన్ని చిన్న పనులుంటాయి. వాల్వులు బిగుసుకుపోతాయి, మీటర్లు తప్పు చూపిస్తాయి, గ్యాసు పసిగట్టే పరికరాలను ఎప్పటికప్పుడు సరిచూడాలి. ఇవన్నీ మాలాంటి చిన్న సర్వీసు కంపెనీలు చేస్తాయి. పని పెద్ద కాంట్రాక్టరుది, చేతులు మావి. ఈ రంగంలో పనికి కరువుండదు, అది మంచి. ఏదైనా తేడా వస్తే పైపుకి అందరికన్నా దగ్గర నిలబడి ఉండేది మా మనిషే, అది చెడు.

నా భాగస్వామి సలీం. రాయచోటి మనిషి. ఇద్దరం ఒకే కంపెనీలో ఉద్యోగం చేసేవాళ్ళం. అది మనుషుల్ని తగ్గించుకున్నప్పుడు బయటికొచ్చి, మాకు పూచీగా ఉండే కువైటీ కఫీల్ పేరు మీద లైసెన్సు తీసుకుని, అర్దియాలో చిన్న వర్క్‌షాపు పెట్టాం. సలీం సైటు చూసుకుంటాడు, నేను ఆఫీసు.

నేను సైటు వదిలేయడానికి ఒక కారణం ఉంది. ఆ మహమ్మారి రోజుల్లో నాకూ జ్వరం వచ్చింది. జ్వరం పోయింది, దాంతో పాటు వాసన కూడా పోయింది. నెమ్మదిగా వస్తుందన్నారు, రాలేదు. పక్క గదిలో కూర్చుని పాలు మాడబెట్టినవాణ్ణి. అప్పటి నుంచి పద్మజ నన్ను పొయ్యి దగ్గర ఒంటరిగా ఉండనివ్వదు.

మా పనిలో వాసనకు ఒక విచిత్రమైన స్థానం ఉంది. కొన్ని బావుల్లో చమురుతో పాటు ఒక విషవాయువు పైకి వస్తుంది. హైడ్రోజన్ సల్ఫైడ్. కొంచెం ఉంటే కుళ్ళిన కోడిగుడ్డు కంపు కొడుతుంది. ఎక్కువైతే ముందు ముక్కునే చంపేస్తుంది, కంపు తెలియదు. మనిషి, పోయిందిలే అనుకుంటాడు, ఆ తర్వాత పడిపోతాడు. అందుకే కొత్తగా చేరినవాళ్ళకు నేనే చెప్పేవాణ్ణి, ముక్కును నమ్మొద్దు, ఛాతీ మీద తగిలించుకున్న మీటర్ని నమ్మండి అని. ఆ లెక్కన ముక్కు లేకపోవడం పెద్ద లోటు కాదు. అయినా నా మనసు ఒప్పుకోక ఆఫీసుకే పరిమితమయ్యాను.

కిందటి చలికాలం మాకొక అవకాశం వచ్చింది. ఉత్తరాన, ఇరాక్ సరిహద్దు వైపు ఉన్న ఒక ప్లాంటును మరమ్మతుల కోసం కొద్దిరోజులు ఆపారు. ఒక భాగంలో వాల్వులు మార్చే పని తీసుకున్న కంపెనీ మధ్యలో తప్పుకుంటే కాంట్రాక్టరు మమ్మల్ని పిలిచాడు. అనుకున్న సమయానికి పూర్తి చేస్తే మొత్తం ప్లాంటు పని ఏడాది పాటు మాకే ఇస్తామన్నారు.

"ఇట్లాంటిది మళ్ళా రాదన్నా" అన్నాడు సలీం.

"అక్కడి గ్యాసు చాలా విషం, సలీం. మనం ఇన్నాళ్ళూ చేసిన చోట్ల లాంటిది కాదు."

"తెలుసు. అయినా ఎన్నాళ్ళని అర్దియాలో కూచోని పాత మీటర్లకి మరమ్మతులు చేస్తాం?"

ఒప్పుకున్నాం.

ఆ పొద్దున నేను సైటుకి వెళ్ళాల్సిన పని లేదు. కానీ కాంట్రాక్టరు తరఫు సూపర్‌వైజరు అబూ నాసర్, లైను విప్పేటప్పుడు పైన పనిచేసేవాళ్ళు కాక కంపెనీ మనిషి ఇంకొకరు కింద ఉండాల్సిందేనన్నాడు. ఆయన కువైటీ. వయసులో నాకన్నా పెద్ద. మాట కరుకే కానీ పని తెలిసిన మనిషి.

మంచి ఎండ కాస్తోంది, చలిగాలి కూడా ఉంది. లైనును ముందే ఖాళీ చేసి, నైట్రోజన్‌తో కడిగి, పరీక్ష చేశారు. అవతల గ్యాసు ఉన్న వైపు వాల్వు మూసి తాళం వేశారు. అందుకే వీపున గాలి సిలిండర్లు మోయనక్కర్లేదని, తప్పించుకోవడానికి పనికొచ్చే చిన్న మాస్కు నడుముకు ఉంటే చాలని పర్మిట్‌లో రాసి ఇచ్చారు. అన్నీ పద్ధతి ప్రకారమే జరిగాయి. ఇది ఎందుకు చెబుతున్నానంటే, అప్పటికి నేను భయపడటానికి ఏ కారణమూ లేదు.

సలీం, మా టెక్నీషియన్ రమణ పరంజా మీద ఉన్నారు. రమణది రాజమండ్రి దగ్గర. పాత వాల్వు విప్పి దించేశారు. కొత్తది కూర్చోబెట్టడానికి తెరిచి ఉన్న పైపు మూతిని ఇద్దరూ వంగి శుభ్రం చేస్తున్నారు. నేను కాస్త దూరంలో కింద నిలబడి చూస్తున్నాను.

అప్పుడు ముక్కులో ఏదో కదిలినట్టయింది.

వాసన అని వెంటనే తట్టలేదు. అన్నేళ్ళ తర్వాత అదేమిటో గుర్తుపట్టడానికే కాసేపు పట్టింది. గుర్తుపట్టగానే నాకు కలిగింది భయం కాదు, సంతోషం. నిజం చెబుతున్నాను, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాసన తిరిగొచ్చింది అనుకున్నాను. పద్మజకు ఫోన్ చేయాలనుకున్నాను. ఆ తర్వాతే అది దేని వాసనో మెదడుకెక్కింది. కుళ్ళిన కోడిగుడ్డు.

ఛాతీ మీద మీటరు చూసుకున్నాను. సున్నా. గాలి నా వీపు వైపు నుంచి పైపు వైపు వీస్తోంది. నిజంగా అక్కడ లీకున్నా ఆ వాసన నా దాకా రాకూడదు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసీ అరిచాను.

"సలీం, దిగండి. ఇద్దరూ దిగండి."

"ఏందన్నా?"

"గ్యాసు వాసన వస్తోంది."

వాడు పైనుంచి వింతగా చూశాడు. "నీకా?"

"నాకేం రావట్లేదండి. మీటరు కూడా సున్నాయేనండి" అన్నాడు రమణ.

"దిగమంటున్నానా."

సలీం గుడ్డ కింద పడేసి దిగాడు. రమణ వెనకే దిగాడు. ప్రమాదమైతే అందరూ చేరాల్సిన చోటు గాలికి ఎదురు దిశలో, చాలా దూరంలో ఉంది. అక్కడికి నడిచాం. వాసన నాతోనే నడిచింది. లీకు నుంచి వచ్చే వాసన దూరం వెళ్ళేకొద్దీ తగ్గాలి. ఇది తగ్గలేదు.

అబూ నాసర్ వచ్చాడు. "ఏమైంది ముహందిస్?" అని హిందీలో అడిగాడు. ఇంజినీర్లను ఆయన అలాగే పిలుస్తాడు.

వాసన వచ్చిందని చెప్పాను. ఆయన మా ముగ్గురి మీటర్లూ చూశాడు. గ్యాసు పరీక్ష చేసే ఫిలిప్పీన్స్ కుర్రవాడికి సిలిండరు తగిలించి పంపాడు. అతను పైపు చుట్టూ తిరిగి వచ్చి తల అడ్డంగా ఊపాడు.

"మాఫీ గ్యాస్" అన్నాడు అబూ నాసర్. "గ్యాసూ లేదు, ఏమీ లేదు. యల్లా, పనిలోకి వెళ్ళండి."

"ఇంకాసేపు ఆగుదాం."

"ఎందుకు? ఏ మీటరు చెప్పింది?"

మీరు వెళ్ళకపోతే వేరే కంపెనీ వెళుతుంది, మీ పని ఖలాస్ అన్నాడు. ఆయన బెదిరించడం లేదు, ఉన్నమాటే చెబుతున్నాడు. ప్లాంటు మళ్ళీ నడపాల్సిన సమయం దగ్గరపడుతోంది.

నేను సలీం వైపు చూశాను. మేం అంతగా ఆశపడ్డ పని అది. నాకు ముక్కు లేదన్న సంగతి అక్కడ తెలిసిన మనిషి వాడొక్కడే. ఆ ఒక్క మాట అబూ నాసర్‌తో అంటే నా వాదన అక్కడితో అయిపోయేది. వాడు అనలేదు. హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని నా పక్కన వచ్చి నిలబడ్డాడు.

అబూ నాసర్ ఎవరికో ఫోన్ చేయడానికి జేబులో చెయ్యి పెట్టాడు. అప్పుడు సైరన్ మోగింది.

పైపు దగ్గరున్న అలారం దీపాలు తిరుగుతున్నాయి. తెరిచి ఉన్న పైపు మూతి నుంచి వచ్చే బుస అంత దూరంలో ఉన్న మాకు వినిపించింది. గాలి మా వెనక నుంచి వీస్తోంది కాబట్టి ఆ వాయువంతా ఖాళీ ఎడారి మీదికి పోయింది. మధ్యలో ఒకసారి గాలి సుడి తిరిగి కాస్త మా వైపు వచ్చింది. రమణ మోచేతిలో మొహం దాచుకున్నాడు. అబూ నాసర్ తల మీది గుత్రా గుడ్డ లాగి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. సలీం దగ్గుతూ, "కంపు, పా అన్నా, ఇంకా ఎనక్కి పోదాం" అని నా చెయ్యి పట్టి లాగాడు.

నాకు ఏ వాసనా రాలేదు.

అంతకు ముందున్న వాసన ఎప్పుడు పోయిందో నేను గమనించలేదు. అందరికీ కంపు కొట్టిన ఆ క్షణంలో నాకు మాత్రం ఏమీ తెలియలేదు. గట్టిగా పీల్చి చూడబోతే సలీం తిట్టాడు.

అత్యవసర బృందం వచ్చి గ్యాసు ఆపింది. ఎవరికీ ఏమీ కాలేదు. తాళం వేసిన వాల్వు లోపల, గ్యాసును ఆపి ఉంచే రింగు ఒక్కసారిగా పగిలిపోయిందని తర్వాత తేల్చారు. పైపు దగ్గరున్న పరికరాల్లో అప్పటిదాకా చిన్న లీకు కూడా నమోదు కాలేదు. పని మొదలుపెట్టే ముందు ఆ పరికరాలను సరిచూసింది మేమే. అవి తప్పు చూపించి ఉంటాయని నేను అనలేను. ఇద్దరూ ఆ మూతి దగ్గర వంగి ఉండగా అది జరిగి ఉంటే నడుముకున్న మాస్కు అందుకునే వ్యవధి కూడా ఉండేది కాదు.

విచారణలో పని ఎందుకు ఆపారని అడిగితే, అనుమానం వచ్చి ఆపానని చెప్పాను. అది అబద్ధం కాదు. మిగతాది అబూ నాసర్‌కు మాత్రం కారు దగ్గర చెప్పాను, నాకు వాసన తెలియదని. ఆయన నా మొహంలోకి చూసి "అల్‌హమ్దులిల్లా" అన్నాడు. దేవుడికి కృతజ్ఞత చెప్పుకునే మాట అది.

ఆ రోజు ఇంటికి వెళ్ళాక పద్మజ జీలకర్ర వేయించింది. ఇంగువ డబ్బా మూత తీసి నా ముక్కు కింద పెట్టింది. కర్పూరం నలిపి చూపించింది.

"ఏమైనా తెలుస్తోందా?"

"లేదు."

"కొంచెం కూడా?"

"లేదు పద్మా."

ఆమె డబ్బాలన్నీ తీసి లోపల పెట్టేసింది. మళ్ళీ ఆ ప్రయత్నం చేయలేదు.

ఫర్వానియాలో మనవాళ్ళే ఒక డాక్టరున్నారు, ముక్కు, చెవి, గొంతు చూస్తారు. ఆయన చెప్పింది నాకు నచ్చింది. వాసన పోయినవాళ్ళకు అప్పుడప్పుడు లేని వాసన వస్తుందట, ఎక్కువగా చెడ్డ వాసనలేనట. మెదడు చేసే పొరపాటు అన్నారు.

"అన్నేళ్ళలో ఒక్కసారే రావచ్చా?"

"రావచ్చండి."

"సరిగ్గా ఆ పొద్దునే, ఆ వాసనే?"

ఆయన పెన్ను మూత పెట్టారు. "అది నా సబ్జెక్టు కాదండీ" అన్నారు.

అక్కడ ఎవరైనా గ్యాసుకు పోయారేమోనని ప్లాంటులో పాతవాళ్ళను వాకబు చేశాను. ఎవరూ పోలేదు. ఆ మూల ఒక్క ప్రమాదం కూడా జరగలేదన్నారు. ఎవరైనా పోయారని చెప్పి ఉంటే నేనేం నమ్మేవాణ్ణో నాకు తెలియదు. ఏదో ఒక కథైనా దొరికేది.

తర్వాత ఒక శుక్రవారం సలీం వాళ్ళూ మేమూ ఇంకొందరు తెలిసినవాళ్ళతో కలిసి ఎడారి అంచున కబ్ద్‌లో ఒక ఫారానికి వెళ్ళాం. మేకల దొడ్డి పక్కనే చాప పరిచారు. వాసనకి పిల్లలు ముక్కులు మూసుకుంటుంటే నేను హాయిగా బిర్యానీ తిన్నాను. అప్పుడు సలీంని అడిగాను, ఆ రోజు ఎందుకు దిగావని.

"నీ మొగం జూసి దిగినా" అన్నాడు. పళ్ళెం పక్కన పెట్టి, "పైవాడు చెప్పినాడన్నా. మాకెవురికైనా ఆ వాసన వచ్చింటే మీటరు జూసుకోని ఏం లేదులే అనుకుందుము. వాసనే తెలీనోనికి వస్తే వాడు ఊరికే వదిలిపెట్టడు గదా" అన్నాడు.

ఆ మాట మీద నేను చాలా రోజులు ఆలోచించాను. కాదనడానికి కారణం దొరకలేదు, ఔననడానికి ధైర్యం చాలలేదు.

ఏడాది పని మాకే వచ్చింది. ఒప్పుకునే ముందు నేనొక షరతు పెట్టాను. ఒక్క వాల్వును నమ్ముకుని ఇకపై ఏ లైనూ తెరవం, గ్యాసు వైపు ఇనుప పలక బిగించి దారి పూర్తిగా మూసేశాకే మా మనుషులు పైకెక్కుతారు అని. సమయం ఎక్కువ పడుతుంది. అబూ నాసర్ గొణిగాడు, తర్వాత ఒప్పుకున్నాడు. ఒప్పుకోని చోట్ల పని వదులుకుంటున్నాం. సలీం కూడా ఇప్పుడు దాని మీద వాదించడు.

కానీ నేను అనుకోని చిక్కు ఇంకొకటి వచ్చింది. మా కుర్రాళ్ళందరికీ ఈ సంగతి తెలిసిపోయింది. నేను లేకుండా లైను విప్పడం వాళ్ళకిష్టం లేదు. అందర్నీ కూర్చోబెట్టి చెప్పాను, నాకు ముక్కు లేదు, ఆ రోజు ఏం జరిగిందో నాకే తెలియదు, మీటర్లు చూసుకోండి అని. అందరూ తలలూపారు. "సరేనండి. అయినా మీరొచ్చాకే విప్పుతామండి" అన్నాడు రమణ.

మొన్న కూడా అలాగే అయింది. సలీం పరంజా మీద ఉన్నాడు. పలక బిగించారు, పరీక్షలయ్యాయి, మీటర్లన్నీ సున్నా చూపిస్తున్నాయి. స్పానర్ బోల్టుకు పెట్టి నా వైపు తిరిగాడు.

"చెప్పన్నా."

నేను ఎండలో నిలబడి ఊపిరి లోపలికి తీసుకున్నాను. చల్లటి గాలి. అంతకు మించి ఏమీ తెలియలేదు.

"ఏం లేదు" అన్నాను.

గ్యాసు లేదని అన్నానో, నాకేమీ తెలియడం లేదని అన్నానో నాకే స్పష్టంగా తెలియదు. వాడు మాత్రం నమ్మకంగా తల ఊపి బోల్టు తిప్పడం మొదలుపెట్టాడు.