తెల్ల గోలీలు, నల్ల గోలీలు

మా ఇంట్లో ఆడవాళ్లం నెలలో ఆ నాలుగు రోజుల్ని ‘చుట్టీ’ అనేవాళ్లం. నమాజ్‌కు సెలవు అని. ఆ మాటైనా గొంతు తగ్గించి, మగవాళ్లు వాకిట్లో లేరని చూసుకుని అనాలి. రంజాన్‌లో చుట్టీ వస్తే మరీ కష్టం. చుట్టీలో రోజా ఉపవాసం ఉండకూడదు, అయినా అందరితోపాటు తెల్లారకముందే లేచి సహరీ తిని, పగలంతా రోజా ఉన్నట్టు మొహం వేలాడేసుకుని తిరగాలి. ఆకలేస్తే వంటింటి తలుపు చాటున నిలబడి గుప్పెడు మరమరాలు చప్పుడు కాకుండా నమలాలి. అదెంత కష్టమో నమిలినవాళ్లకే తెలుసు. మా అన్నకు ఇదంతా తెలియదా అంటే, తెలుసు. అందుకే వంటింట్లోకి వచ్చేముందు దగ్గేవాడు. తెలిసీ తెలియనట్టు ఉండటాన్ని మా ఇంట్లో మర్యాద అనేవాళ్లు. ఆ మర్యాద మా భాబీని ఏం చేసిందో తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఎనభైల మధ్య సంగతి. మాది మహారాష్ట్ర అంచున ఉన్న సిరోంచ. అబ్బా పోయాక ఇంట్లో నలుగురం మిగిలాం: అమ్మీ, అన్న, అన్న భార్య భాబీ, ఇంకా పెళ్లికాని నేను. అన్న తునికాకు కాంట్రాక్టరు దగ్గర లెక్కలు రాసే మున్షీ. ఎండాకాలమంతా అడవి ఊళ్లలో ఆకు కల్లాల మీద ఉండి, వానలు మొదలయ్యేసరికి ఇల్లు చేరేవాడు. భాబీది నది అవతల చెన్నూరు వైపు, దూదేకుల ఇల్లు. ఆమెకు తెలుగు తప్ప మరో భాష రాదు. మాదేమో ఉర్దూ మాట్లాడే ఇల్లు, నా చదువేమో మరాఠీ బడిలో. భాబీ కాపురానికి వచ్చాక ఇల్లంతా తెలుగులోకి దిగింది. ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆమె చలవే. అమ్మీకి మాత్రం అది చిన్నతనంగా ఉండేది. “దూది ఏకేటోళ్లకు ఉర్దూ యాడికెల్లొస్తది” అని భాబీకి వినబడేట్టే అనేది.

పెళ్లయి ఎనిమిదేళ్లయినా భాబీకి కడుపు పండలేదు. కట్టని తాయెత్తు లేదు, మింగని వేరు లేదు. దర్గాలో ఉర్సుకు చాదర్ కప్పించని ఏడు లేదు. అహేరీలో అమ్మీకి చెల్లెలు ఉంది, ఆమెకు పెళ్లీడు కూతురు ఉంది. అన్నకు రెండో నిఖా అని అమ్మీ ఎన్నడూ అనలేదు. అన్నం తింటూ తింటూ “అహేరీ పిల్ల మంచిగ ఎదిగింది” అనేది, అంతే. భాబీ కలిపిన ముద్ద కంచంలోనే వదిలి లేచేది.

హజ్ అబ్బాకు తీరని కోరిక. అంకిసలో ఉన్న కాస్త పొలం అమ్మి, అమ్మీ, అన్న, భాబీ ముగ్గురూ బొంబాయి నుంచి ఓడ మీద వెళ్లేట్టు ఖాయం చేసుకున్నారు. ఆ రోజే అమ్మీ భాబీని కూర్చోబెట్టి చెప్పింది.

“తవాఫ్ జేసుకుంట, కాబా గిలాఫ్ పట్టుకొని అల్లాను అడుగు. గాడ అడిగినంక గూడ గాకపోతె, ఇగ నా చేతుల ఏం లేదు.”

తవాఫ్ అంటే కాబా చుట్టూ ఏడుసార్లు తిరగడం, గిలాఫ్ అంటే కాబా మీద కప్పిన నల్లబట్ట. అక్కడ అడగడం భాబీకి ఆఖరి అవకాశమని, ఆ తర్వాత అహేరీ పిల్ల వస్తుందని అర్థం. భాబీకి అర్థమైంది. నాకూ అర్థమైంది.

ఒకరోజు ఇద్దరం బియ్యంలో రాళ్లు ఏరుతున్నాం. భాబీ చేతులు ఆగిపోయాయి. వేళ్ల మీద ఏదో లెక్క పెట్టుకుని, “చెల్లె, సరిగ్గ హజ్ దినాలకే నాకు చుట్టీ వచ్చేటట్టున్నది” అంది. చుట్టీలో హజ్ పనులన్నీ చేయొచ్చు, తవాఫ్ ఒక్కటే చేయకూడదు. ఆమె అంత దూరం పోయేదే ఆ ఒక్కదాని కోసం.

మా వీధి ఆడపిల్లలందరికీ ఖురాన్ చదవడం నేర్పిన ఉస్తానమ్మ దగ్గరికి వెళ్లాం. ఆమె హజ్ చేసి వచ్చిన ముసలామె. నోట్లో పళ్లు లేవు, మాటలో మాత్రం మొహమాటం లేదు.

“గిది అల్లా రాసిందే గద బిడ్డా. పాపం గాదు, సిగ్గుపడేటి ఐబు గాదు. అందరితోని అరఫాత్ మైదానం పో, దువా చెయ్యి. చుట్టీ అయిపోయి పాకైనంక తవాఫ్ చేసుకో.”

“గప్పటిదాంక ఓడ ఆగుతదా ఉస్తానమ్మా?”

“ఓడ ఎవలికోసం ఆగదు బిడ్డా.”

అప్పుడు నేనే అడిగాను, మందు గోలీలు వేసుకుని చుట్టీని వెనక్కి జరుపుకుంటారట కదా అని. ఉస్తానమ్మ చేతిలో తిప్పుతున్న తస్బీ దండ పక్కన పెట్టింది. “మా కాలంల గోలీలు లేకుండె, నాకు తెల్వది. పానం ఖరాబు గాకుంటె ఏసుకొమ్మను” అంది.

అమ్మీని మాత్రం ఒప్పించలేకపోయాం. భాబీ ఊరికే మాట కదిపి చూసింది, బొంబాయి ఆడవాళ్లు అట్లా చేస్తారట అని. అమ్మీ చెంపలు వేసుకుంది. “తోబా తోబా! అల్లా ఇచ్చినదాన్ని గోలితోని ఆపుతవా? అసలే కడుపు ఎండి ఉన్నది. ఇంక గోలీలొకటా?” అంది. తవాఫ్ చేయకుండా రాకూడదు, గోలీలు వేసుకోకూడదు. మరి భాబీ ఏం చేయాలో అమ్మీ చెప్పలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే అదే కదా.

అన్న అడవిలో ఉన్న రోజుల్లో, అమ్మీకి చెప్పకుండా సర్కారు దవాఖానాకు పోయాం. అక్కడి నర్సును అందరం సిస్టర్‌బాయి అనేవాళ్లం. ఆమెకు మరాఠీయే వచ్చు. భాబీ తెలుగు మాటల్ని మరాఠీలో చెప్పాల్సింది నేను. పెళ్లికాని పిల్లని, ఆ సంగతులు అడుగుతుంటే చెవులు వేడెక్కాయి.

“గియ్యి ఏసుకుంటె ఇగ ఎన్నటికి కడుపు రాదా, అడుగు చెల్లె” అంది భాబీ. మూడుసార్లు అడిగించింది. సిస్టర్‌బాయి నవ్వి, ఆపేశాక అన్నీ మామూలేనని చెప్పింది. దీనికోసమే చేసిన మందు చంద్రపూర్‌లో దొరకొచ్చట, తన దగ్గర మాత్రం ఫ్యామిలీ ప్లానింగ్ గోలీలే ఉన్నాయట. వాటితోనూ పని అవుతుందట. పట్టీలో తెల్లవి మింగాలి, చివర ఉన్న నల్లవి ముట్టుకోకుండా కొత్త పట్టీలో తెల్లవి మొదలుపెట్టాలి. ఒంటికి పడతాయో లేదో ఒక పట్టీ ముందే వాడి చూడాలి. నేను చెప్పిందంతా భాబీ బడిపిల్లలాగా తిరిగి అప్పజెప్పింది.

గోలీలు ఒంటికి పడ్డాయి. కాస్త వికారం తప్ప ఏమీ లేదు. ఆ నెల భాబీ మొహం తేటపడింది. ఇల్లూడుస్తూ దువాలు వల్లె వేసుకునేది, అరబీ మాటలు ఆమె నోట్లో తెలుగు పాటలాగా సాగేవి. నేను నవ్వితే చీపురు ఎత్తేది.

వానలు మొదలై అన్న ఇల్లు చేరాడు. వాగులు పొంగి బస్సులు ఆగకముందే బయలుదేరాలని సామాను సర్దుతున్నారు. భాబీ రేకు పెట్టెకు అన్న కొత్త తాళం తెచ్చాడు. పడుతుందో లేదో చూద్దామని మూత ఎత్తి దించుతుంటే, మడత పెట్టిన తెల్లబట్టల్లోంచి పట్టీ అంచు కనబడింది. దాని మీద ఫ్యామిలీ ప్లానింగ్ వాళ్ల ఎర్ర త్రికోణం ఉంది.

అక్షరం ముక్క రానివాడికీ మా ఊళ్లో ఆ ఎర్ర త్రికోణం తెలుసు. దవాఖానా గోడ మీద అదే, బస్సుల వెనక అదే. మా అన్నకు ఇంకా బాగా తెలుసు. ఎమర్జెన్సీలో పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ల కోసం మగవాళ్లని పట్టుకుపోతున్నారని, పెళ్లికానివాళ్లనీ వదలడం లేదని పుకారు పుట్టిన రోజుల్లో అన్న బామ్ని వైపు అడవిలో దాక్కున్నాడట. ఆ గుర్తు ఇప్పుడు తన భార్య పెట్టెలో, పిల్లలు లేని తన ఇంట్లో కనబడింది. తెల్లవన్నీ తీసేసిన పట్టీ ఒకటి, సగం వాడిన పట్టీ ఒకటి.

అన్న అరవలేదు. అరిచినా బాగుండేది. రెండు పట్టీలూ అమ్మీ ముందు చాప మీద పెట్టి కూర్చున్నాడు. అమ్మీ వాటిని చూసి, భాబీని చూసి, గుండెలు బాదుకుంది.

“ఎనిమిదేండ్ల సంది మా కండ్లల్ల కారం గొట్టినవా? నేను దర్గాల సుట్టు తిరగవడితి, నువ్వు గోలీలు మింగవడితివి!”

భాబీ తల వంచుకుని నిలబడింది. చుట్టీ కోసం అని ఒక్క మాట అంటే చాలు. భర్త ఎదురుగా, అత్త ఎదురుగా ఆ మాట ఆమె నోటి నుంచి రావడం లేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఏడుపు చూసి అమ్మీ తప్పు ఒప్పుకున్నట్టే అనుకుంది. నాకు కోపం నెత్తికెక్కింది.

“భయ్యా, గవి పిల్లలు గాకుండ గాదు. హజ్‌ల భాబీకి చుట్టీ రాకుండ. నేనే తోలుకపోయిన దవాఖానకు.”

నా చెంప మీద అమ్మీ చెయ్యి పడింది. “సిగ్గు లేదానే? అన్న ముంగట గా మాట అంటవా?” అంది. నేను ఆగలేదు. పట్టీ చేతిలోకి తీసుకుని అన్నకు చూపించాను. “చూడు, నల్లయి అట్లనే ఉన్నయి. పిల్లలు వద్దనుకున్నోళ్లు నల్లయి గూడ ఏసుకుంటరు. చుట్టీ ఆపుకునేటోళ్లే గవి ఇడిసిపెడ్తరు. కావలిస్తె సిస్టర్‌బాయిని అడుగు పో.”

అన్న నల్లగోలీల్ని చూశాడు, నేలను చూశాడు. తర్వాత భాబీని అడిగాడు. “మరి నాకెందుకు చెప్పలే?”

భాబీ కొంగు తీసింది. “ఎట్ల చెప్పాలె? ఈ ఇంట్ల గా మాట ఎన్నడన్న ఎవలన్న చెప్పిండ్రా?”

అమ్మీ ముక్కు చీదుకుని, “అయితె ఏసుకో ఇగ. తవాఫ్ తప్పొద్దు” అంది. నిన్నటి పాపం ఇవాళ పుణ్యమైపోయింది. అన్న పట్టీలు తీసి భాబీ చేతిలో పెట్టాడు. గండం గడిచిందని నేను ఊపిరి పీల్చుకున్నాను. అంతలో అన్న గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే అడిగాడు.

“గియ్యి నిరుడు గూడ ఉండెనా?”

జవాబు కోసం అన్న ఆగలేదు.

మర్నాడు పొద్దున్నే భాబీ పట్టీలు కాగితంలో చుట్టి నా చేతికిచ్చింది. “సిస్టర్‌బాయికి ఇచ్చిరా” అంది.

“మరి గాడ చుట్టీ వస్తె?”

“వస్తె రానీ చెల్లె. నేను ఒక్కొక్క గోలి మింగుతుంటె, మీ అన్న పిల్లలు గాని ఒక్కొక్క ఏడు యాది జేసుకుంటడు. గది నాతోని గాదు.”

బతిమాలాను, తిట్టాను. అమ్మీ ఏమంటుందోనని భయపెట్టాను. ఆమె వినలేదు. సిస్టర్‌బాయి కాగితం విప్పి చూసి, మీ భాబీకి పిచ్చా అంది. ఏం చెప్పాలో తోచక, అవును అన్నాను.

వాళ్లు లేనన్ని రోజులూ నేను ఉస్తానమ్మ ఇంట్లో ఉన్నాను. రోజూ నమాజ్‌లో ఒకటే అడిగేదాన్ని, ఆ చుట్టీ ఏదో కాస్త ముందో వెనకో రావాలని. అల్లాను అట్లాంటిది అడగొచ్చో లేదో తెలియదు. ఉస్తానమ్మను అడిగితే, “నువ్వు అడిగినవ్ గద, ఇగ ఆయన ఇష్టం” అంది.

వానలు వెనకబట్టాక తిరిగొచ్చారు. పూలదండలు, జంజం బావి నీళ్లు, ఖర్జూరాలు, వచ్చేపోయే జనం. భాబీ ఎండకు నల్లబడి, సగమైంది. సందడి తగ్గాక వంటింట్లో దొరికింది.

“వచ్చిందా భాబీ?”

“వచ్చింది. సరిగ్గ గా దినమే.”

అరఫాత్‌లో చుట్టీతోనే నిలబడిందట. మక్కాకు తిరిగొచ్చాక అందరూ తవాఫ్‌కు పోతే గదిలో ఒక్కతే సామానుకు కాపలా ఉందట. ఓడ కోసం జిద్దా బస్సు ఎక్కాల్సిన రోజు దగ్గరికొచ్చింది. అమ్మీ తలుపు దగ్గర నిలబడి, ఇంకా కాలేదా, ఇంకా కాలేదా అని అడిగేదట. రెండు రోజులు మిగిలాయనగా పాకైంది. మిట్టమధ్యాహ్నం ఎండలో అన్న తీసుకెళ్లాడు. జనంలో తప్పిపోతుందని ఏడు చుట్లూ ఆమె చేయి పట్టుకునే తిరిగాడట. నలుగురిలో అన్న ఆమె చేయి పట్టుకోవడం అదే మొదటిసారి.

“మరి అడిగినవా?”

“అడిగిన.”

“కొడుకునా, బిడ్డనా?”

భాబీ పొయ్యిలో కట్టె ముందుకు తోసింది. “పిల్లల ముచ్చట యాదికే రాలే చెల్లె. గాడ నిలవడ్డంక ఒక్కటే వచ్చింది నోటికి. మీ అన్న నన్ను నమ్మాలె అని. ఏడు చుట్లు గదే అడిగిన.”

నాకు ఏడుపొచ్చింది. ఎనిమిదేళ్లు దాచుకున్న కోరికను, పొలం అమ్మించి సముద్రం దాటిన కోరికను ఆమె చివరికి దీనికి ఖర్చు పెట్టుకుంది. కళ్లు తుడుచుకుని అడిగాను. “నమ్మిండా మరి?”

“ఓడల మళ్లొకపారి అడిగిండు. నిజంగ గంతకుముందు ఎన్నడు ఏసుకోలేదా అని.”

ఈమధ్య హజ్‌కు పోయేవాళ్లకు శిక్షణ పెడుతుంటే వెళ్లి కూర్చున్నాను. ఒక డాక్టరమ్మ మైకు పట్టుకుని, నెలసరి వెనక్కి జరుపుకోవాలనుకుంటే ఏ మందు ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎవరు వేసుకోకూడదో, వద్దనుకుంటే అక్కడ ఎట్లా ఆగాలో విడమరిచి చెప్పింది. పక్కనే మగవాళ్లు కూర్చుని విన్నారు. ఒక్కరూ దగ్గలేదు. సంతోషించాల్సింది పోయి నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియక బయటికొచ్చి నిలబడ్డాను.

అన్న చెడ్డవాడు కాదు. రెండో నిఖా చేసుకోలేదు. అహేరీ పిల్లను ఎవరికో ఇచ్చి చేశారు. మక్కాలో భాబీకి కొన్న గాజులు పగిలితే, చంద్రపూర్ పోయి అట్లాంటివే వెతికి తెచ్చాడు. పిల్లలు మాత్రం కలగలేదు. రేకు పెట్టెకు అన్న తెచ్చిన ఆ కొత్త తాళం హజ్ నుంచి వచ్చాక గూట్లో పడి తుప్పు పట్టింది. భాబీ పోయేదాకా ఆ పెట్టెకు తాళం వేయలేదు. మూత కూడా పూర్తిగా దించేది కాదు. గదిలోకి ఎవరు వచ్చినా పెట్టెలో ఉన్నవన్నీ కనబడేవి.