తడిగుడ్డ కట్టిన రేకు గరాటు

అందరూ కులాసాయేనా. కళింగపట్నం మాస్టారూ, కంటి ఆపరేషను అయ్యాక చుక్కల మందు మానకుండా వేసుకుంటున్నారా? బొబ్బిలి బాబూ, మీ అమ్మగారి మోకాళ్ళు ఎలాగున్నాయి? ఆవిణ్ణి మెట్లెక్కనివ్వకండి. మీ రేడియో సంఘంలో మిగతావాళ్ళ పేర్లు నాకు తెలీవు. షుగరున్నోళ్ళు వేళకి తినండి, బీపీ ఉన్నోళ్ళు మాత్రలు మరిచిపోకండి. నా ఒంటి మాటకేముంది, ఉన్నాను.

మా మరిది పోయాడు. మీలో చాలామందికి తెలుసు, తెలీనోళ్ళ కోసం రాస్తన్నాను. మంగళవారం మధ్యాన్నం భోంచేసి, మజ్జిగ గ్లాసు పక్కనెట్టి, కుర్చీలోనే ఒరిగిపోయాడు. ఆటో వచ్చేలోగా అంతా అయిపోయింది. పెద్దకర్మ కూడా అయింది. మీ పత్రికకి అతని గురించి నాలుగు మాటలు రాసిమ్మని మాస్టారు అడిగారు. నేను అయిదో తరగతిలో బడి మానేసినదాన్ని. తప్పులుంటే మీరే దిద్దుకోండి.

మా ఆయన పోయిన దగ్గర్నించీ గరివిడి ఇంట్లో మేమిద్దరమే. అతను ఫ్యాక్టరీలో కరెంటు పని చేసి రిటైరయ్యాడు. పెళ్ళి మాటెత్తితే నవ్వేసి లేచిపోయేవాడు. లైసెన్సు తీసుకుని, సొంతంగా కట్టుకున్న రేడియోల్లో మీలాంటివాళ్ళతో మాట్లాడ్డమే అతని సరదా, డాబా మీద గది నిండా రేకులూ వైర్లే. నేనేమో బెంగ మనిషిని. కుక్కరు కూత ఆలస్యమైతే బెంగ, ముందే వస్తే ఇంకో బెంగ. "నీ బెంగకి ఒక వైరు తగిలిస్తే మన వీధి లైట్లన్నీ ఎలుగుతాయొదినా" అనేవాడు.

ఈసారి మైక్రోవేవ్ రేడియో కడతానని అతనన్న రోజు నాకు అన్నం సయించలేదు. మా చెల్లి ఇంట్లో కూర వేడిచేసే పెట్టె చూశాను కదా, అదే అనుకున్నాను. గదిలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఉడికిపోతాడేమో అని భయం. టార్చిలైటు పాటి బలం కూడా లేదని నచ్చజెప్పాడు. చెప్పి ఊరుకోవచ్చా. "పెట్టి మూతిలో కన్నెట్టి మాత్రం సూడకు" అన్నాడు. నాకా ఒక్క మాట చాలు. అప్పట్నించీ డాబా మీద వడియాలు పెట్టినా మొహం అటు తిప్పుకునే పెట్టేదాన్ని.

పెద్ద షాపుల్లో మనిషి రాగానే తలుపు దానంతటదే తెరుచుకుంటాది చూడండి, ఆ మనిషిని కనిపెట్టే చిన్న పెట్టెని పాత సామాన్లలోంచి తెచ్చాడు. అందులోంచి రేడియో కూత చెదరకుండా దూరం పోవాలంటే దాని మూతికి గరాటులాంటిది కావాలన్నాడు. నూనె డబ్బా రేకు పరిచి, నాలుగు ముక్కలకి కొలతలు చెప్పి, కాగితం మీద కత్తిరించి ఇమ్మన్నాడు. నేను జాకెట్లు కుట్టేదాన్ని కదా. అలవాటుకొద్దీ కుట్టుకని చుట్టూ అర అంగుళం వదిలి కత్తిరించాను. అతను చూసుకోకుండా అలాగే రేకు కోసేశాడు. తీరా పేర్చి చూస్తే ముక్కలు ఒకదాని మీదొకటి ఎక్కాయి. రేకంతా పాడుచేశానని నాకు బెంగ. అతను తిప్పి తిప్పి చూసి, "రేకుకి కుట్టేటొదినా" అని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. ఆ ఎక్కువ వదిలిందే మడిచి, మడత మీద టంకం పోశాడు. రాయిలా కుదిరింది. ఆ తర్వాత ప్రతి గరాటుకీ, "కుట్టుతో సహా కత్తిరించు" అనేవాడు.

గరాటులో కందిరీగలు గూడు పెడతాయని, ఊరగాయ జాడీకి వాసెన కట్టినట్టు మూతికి నా పాత నేతచీర ముక్క కట్టించాడు. గుడ్డ ఉన్నా కూతకేమీ అడ్డుండదన్నాడు. నేను రాయాలనుకున్నది ఆ గుడ్డ సంగతే.

రెండేళ్ళ కిందట ఒక ఆదివారం. డాబా మీద గరాటు కూత పంపుతూ ఉంటాది, అతనూ మాస్టారూ బొబ్బిలి వైపు కొండెక్కి, రెండో గరాటూ పాత ఎఫ్ఎం రేడియో పెట్టుకుని వింటారు. ఆ ఒక్క రోజు కోసం ఏడాదంతా పనిచేశాడు. తెల్లారే బస్సుకి వెళ్ళిపోయాడు. నేను డాబా ఎక్కి చూస్తే గుడ్డ మీద కాకి రెట్ట. అంత ముఖ్యమైన రోజున మాసిన గుడ్డేమిటని విప్పి, ఉతికి, పిండి, మళ్ళీ కట్టాను. కొండ మీంచి మూడుసార్లు ఫోను చేశాడు. స్విచ్చి వేసుందా, ఎర్రలైటు వెలుగుతోందా అని. అన్నీ ఉన్నాయనే చెప్పాను. మబ్బు రోజు, గుడ్డ ఆరలేదు. అక్కడ ఏమీ వినపడలేదు.

సాయంత్రం కాళ్ళీడ్చుకుంటూ వచ్చాడు. నీళ్ళైనా తాగకుండా డాబా ఎక్కి, కాసేపుండి దిగాడు. "ఏటీ లేదొదినా, నా టంకమే ఊడింది" అన్నాడు. మర్నాడు నా ఎదురుగానే కూర్చుని గరాటంతా విప్పి మళ్ళీ అతికాడు. పై ఆదివారం మళ్ళీ కొండెక్కితే కూత వినపడింది.

కొన్నాళ్ళకి ఎవరికో ఫోనులో చెప్తుంటే విన్నాను, ఈ రేడియోకి నీళ్ళంటే పడదని, తడి ఉంటే దాటి పోలేదని. అప్పుడు అర్థమైంది, పాడుచేసింది నేనేనని. ఆ వయసులో మనిషిని రెండుసార్లు కొండెక్కించాను. చెప్పాలనుకునేదాన్ని. అన్నం వడ్డిస్తూ నోటిదాకా వచ్చేది. రేపు చెప్దాం, పండగెళ్ళాక చెప్దాం అనుకుంటూనే రెండేళ్ళు గడిచాయి. ఆ మంగళవారం మజ్జిగ పోసినప్పుడు కూడా అనుకున్నాను.

పెద్దకర్మ నాడు మాస్టారు అతని నోటుపుస్తకాలు సర్దుతూ ఒకచోట ఆగారు. "అక్కా, ఇది మీ సంగతే" అని చదివారు. "గుడ్డ తడి. అందుకే వినపడలేదు. టంకం బాగానే ఉంది. వదినతో అనొద్దు, బెంగెట్టుకుంటాది."

నేను లేచి లోపలికెళ్ళి, పొయ్యి మీద ఏమీ లేకపోయినా పొయ్యి చూసొచ్చాను.

బాగున్న టంకాన్ని నా కోసం విప్పి మళ్ళీ అతికాడన్నమాట. రోజూ ఎదురెదురుగా కూర్చుని అన్నం తింటూ ఆ గుడ్డ మాట ఇద్దరం దాచుకున్నాం. అతను నా కోసం దాచాడు. నేను భయపడి దాచాను. ఇప్పుడు చెప్పడానికి మనిషి లేడు, అందుకే మీ అందరికీ చెప్తన్నాను. నాకు ఓపిక తగ్గిపోయింది, ఇంక మోయలేను.

అతని గరాటు ఒకసారి మళ్ళీ పలికిద్దామని మాస్టారన్నారు. ఆయన మా డాబా మీద, బొబ్బిలి బాబు కొండ మీద. లైసెన్సున్నోళ్ళే ముట్టుకుంటారు, నేను పక్కన ఊరికే కూర్చుంటాను. మాస్టారూ, బస్సులో కిటికీ పక్కన కూర్చోకండి, కంట్లో దుమ్ము పడతాది. బాబూ, కొండ మీదకి మంచినీళ్ళు పట్టుకెళ్ళండి.

గుడ్డ మొన్ననే ఉతికాను. అప్పుడే ఆరిపోయింది. అయినా పొద్దున్నే తీగ మీద వేసి, మంచు పడకముందే లోపలికి తెచ్చి మడతపెడతన్నాను. కార్తీకం రెండో ఆదివారం మీరొచ్చేదాకా నాకిదే పని.