మా ఇలైసానె అత్త ఆగిపోయిన నిమిషాలు

మా ఊళ్లో నారబట్ట కొట్టే పాక సముద్రానికి ఎదురుగా ఉంటుంది. ఇంటి పనులు ముగించుకుని ఆడవాళ్లం ఏడుగురం పొడుగాటి దుంగ ముందు వరసగా కూర్చుంటాం. నానబెట్టిన బెరడును కొయ్య సుత్తులతో పలచగా సాగగొడతాం. మాకు వరస పట్టి ఇచ్చేది ఇలైసానె అత్త. ఆమె దెబ్బకూ దెబ్బకూ నడుమ మా దెబ్బలు పడాలి. కొట్టేది ఏడుగురైనా, దూరం నుంచి వినేవాళ్లకు ఒక్క మనిషి చేతిలా వినిపించేది.

ఆమె మా నాన్నకు అక్క. మా తోంగా దీవుల్లో మేనత్త మాటకు ఎదురుండదు. నాకు ఆరేళ్లప్పుడు ఒకరోజు ఇంటికొచ్చి, "ఈ పిల్ల నాక్కావాలి" అంది. నాన్న నా బట్టలు మూటగట్టి ఇచ్చాడు. పిల్లల్లేని అత్త నన్ను అలా తెచ్చుకుని పెంచింది. నోరు మాత్రం బహు పదును.

"ఫిపే, కొడుతున్నావా, బెరడుని జోకొడుతున్నావా?" అనేది నన్ను పదిమందిలో.

అత్తకు అరవై ఎనిమిదో ఏడు నడుస్తుండగా, ఒక మధ్యాహ్నం ఆమె సుత్తి గాలిలోనే ఆగిపోయింది. మా దెబ్బలన్నీ ఒకదాని మీద ఒకటి పడి చిందరవందరయ్యాయి. తిరిగి చూస్తే అత్త కళ్లు తెరిచే ఉన్నాయి గాని వాటిలో చూపు లేదు. పెదవులు ఏదో నములుతున్నట్టు కదులుతున్నాయి. ఎడమచేయి ఒళ్లోని గుడ్డను అదేపనిగా పీకుతోంది. ఒక నిమిషమో, కాస్త ఎక్కువో. ఆ తర్వాత సుత్తి దించి మమ్మల్నే గదమాయించింది.

"ఏంటే, అందరూ ఆపేశారు?"

పక్కింటి లూపె ఆమెకు చిన్నప్పటి నేస్తం. "ఒక్కదానివే ఏం నముల్తున్నావొదినా? మాక్కూడా కాస్త పెట్టరాదూ!" అంది. అందరం పగలబడి నవ్వాం. అత్తకు మేమెందుకు నవ్వుతున్నామో అర్థం కాలేదు.

అది మొదలు. వారానికోసారి, తర్వాత రెండు మూడుసార్లు అలా ఆగిపోయేది. వయసు మీదపడి కునుకు తీస్తోందనుకున్నాం. ఆమె లేనప్పుడు నేను సుత్తి ఎత్తి, కళ్లు తేలేసి, పెదవులు ఆడిస్తూ ఆమెలా నటించేదాన్ని. ఆడవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వేవారు. మేనత్తను వెక్కిరించడం మా దగ్గర ఎంత తప్పో తెలిసీ చేశాను. నవ్వు వస్తోంది కదా అని మళ్లీ మళ్లీ చేశాను.

ఆ ఏడాదే ఆమె మతిమరుపూ మొదలైంది. ఒకే మాటను నాన్నతో చెప్పి రమ్మని పొద్దున పంపేది, మధ్యాహ్నం మళ్లీ పంపేది. ఒకరోజు ఎండబెట్టిన బెరడు కట్ట కనిపించకపోతే నేరుగా లూపె గుమ్మం ముందుకెళ్లి నిలబడింది.

"నా ఇంట్లో ఏం దొరుకుతుందా అని నలభై ఏళ్లుగా చూస్తున్నావు. దొరికిందా ఇవాళ?"

లూపె తలుపు వేసుకుంది. కట్ట అత్త మంచం కిందే ఉంది. తనే అక్కడ పెట్టుకుంది. నేను చూపిస్తే, "ఎవరో తెచ్చి పడేశారు" అంది. లూపె పాకకు రావడం మానేసింది.

చచ్చిపోయినవాళ్లెవరో దయ్యమై సోకారని నాన్న ఆకుపసరు తెప్పించి కళ్లలో పోయించాడు. మంటకు అత్త నా చెయ్యి పట్టుకుని ఓర్చుకుంది. మరునాడు మళ్లీ ఆగిపోయింది.

ఒక ఆదివారం చర్చిలో అందరం లేచి పాడుతుంటే ఆమె కొయ్యలా బిగుసుకుని నా పక్కనే పడిపోయింది. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి, నాలుక తెగి నెత్తురొచ్చింది. పడవలో పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడి డాక్టరమ్మ మొదట అడిగిందే ఆ ప్రశ్న.

"ఇంతకుముందు ఉన్నట్టుండి ఆగిపోయి, చూపు నిలిపేసి, నోరు నమిలినట్టు ఆడించేవారా?"

"ఆ" అన్నాను. "ఏడాదిగా."

"అవీ మూర్ఛలేనమ్మా. పెద్దవయసులో వచ్చే మూర్ఛ చాలాసార్లు ఇలాగే ఉంటుంది, పడిపోయి కొట్టుకోవాలని లేదు. అందుకే ఎవరూ పోల్చుకోరు."

"మతిమరుపు కూడా అందువల్లేనా?"

"కొంత అయ్యుండొచ్చు. లేదా మెదడు అరిగిపోయే జబ్బు లోపల మొదలై, ముందు ఈ మూర్ఛల్ని పంపి ఉండొచ్చు. ఒకదానికొకటి తోడై రెండూ పెరుగుతాయి. మాత్రలతో మూర్ఛలు ఆగుతాయి. మతి ఎంత తిరిగొస్తుందో మాత్రం నేను చెప్పలేను."

"ముందే తీసుకొచ్చుంటే?"

"అదీ చెప్పలేను" అంది.

పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి మాత్రలు వేశాం. ఆగిపోవడాలు నిలిచిపోయాయి. మబ్బు విడినట్టు అత్త తేరుకుంది. ఒకరోజు తనంతట తానే కొబ్బరిపాలలో ఉడికించిన చేమాకు పట్టుకుని లూపె ఇంటికి వెళ్లింది.

"నిన్ను దొంగవన్నానట కదే. నాకు గుర్తులేదు. గుర్తులేకపోయినా అన్నది నేనే."

"నోర్మూసుకుని ఆ గిన్నె ఇటివ్వు, చల్లారిపోతోంది" అని లూపె ఏడ్చేసింది.

ఆ మంచిరోజులు నాలుగు నెలలున్నాయి. ఆ నాలుగు నెలల్లో ఏ రోజైనా ఆమె ముందు కూర్చుని నా తప్పు ఒప్పుకోవచ్చు. రేపు చెబుదాం, మళ్లీ చెబుదాం అనుకుంటూ గడిపేశాను.

తర్వాత మూర్ఛ ఒక్కటీ రాకుండానే మతి మళ్లీ జారడం మొదలైంది. ముందు వరస తప్పింది, ఆపైన సుత్తి ఎందుకో మరిచిపోయింది. ఊళ్లోవాళ్ల పేర్లు పోయాయి. నన్ను ఒకరోజు మా అమ్మ అనుకునేది, ఒకరోజు పట్నం నుంచి వచ్చిన నర్సు అనుకునేది.

ఒక పొద్దున ఆమె తల దువ్వుతూ ఇక ఆగలేక చెప్పేశాను. "అత్తా, మీకు జబ్బు చేసినప్పుడు మిమ్మల్ని వెక్కిరించాను. అందరి ముందూ మీలా నటించి నవ్వించాను. నన్ను క్షమించండి."

ఆమె వెనక్కి తిరిగి, పరాయి మనిషిని చూసినట్టు మర్యాదగా చూసింది.

"ఎవరమ్మా చేసింది?"

"ఫిపె."

"ఛ, తప్పు. ఎవరో నీకు చాడీలు చెప్పారు. మా ఫిపె అలాంటిది కాదు. దాన్ని నేను పెంచాను."

దువ్వెన నా చేతిలో ఉండిపోయింది. జడ ఎవరు పూర్తి చేశారో నాకు గుర్తులేదు.

మరో ఏడాది బతికింది. చలిగాలుల నెలలో జ్వరం వచ్చి, ఊపిరితిత్తులకు ఎక్కి, మూడోరోజు పోయింది. మా ఆచారంలో మేనత్త పోతే తమ్ముడి పిల్లలం శవం దగ్గరకు వెళ్లకూడదు. మా జుట్టు కత్తిరించారు. చిరిగిన పెద్ద చాపలు ఒంటికి చుట్టుకుని పెరట్లో గుంట తవ్వి ఆకులూ మట్టీ కప్పే నేలపొయ్యిల దగ్గర వచ్చినవాళ్లకు వంట చేస్తూ ఉండిపోయాం. లోపల పాడుతున్నది వినబడుతోంది. ఇరవైరెండేళ్లు ఆమె పక్కన పడుకున్నదాన్ని, చివరిసారి ముఖం చూడలేదు.

పాట ఆగాక లూపె బయటికొచ్చింది. ఆమె చేతులు కొబ్బరినూనెతో మెరుస్తున్నాయి.

"మీ అత్త ఒంటికి నూనె నేనే రాశానే" అంది. "రెండుసార్లు రాశాను. ఒకటి నీ బదులు."

నేను తలూపాను. పొయ్యి మీద మట్టి తీసి, ఆకులు ఎత్తాను. లోపల దుంపలు ఉడికిపోయాయి. ఇంటి ముందు జనం తిండికోసం చూస్తున్నారు.